ఐదు వందలకు ఒకటి తక్కువ

పోయిన నెల సుచిత్ర చౌరస్తా దగ్గర చేపలు కొనడానికి ఆగాను. రెండు కిలోల రవ్వ చేప తూయించి, ముక్కలు కొట్టమని చెప్పి నిలబడ్డాను. కత్తి పట్టుకున్న మనిషి నన్ను ఎగాదిగా చూసి కత్తి పక్కన పెట్టాడు.

"టైపన్నవు గదా నువ్వు? శామీర్‌పేట చౌరస్తల మిషిన్ వెట్టుకోని కూసుంటుంటివి."

అప్పుడు గుర్తుపట్టాను. మల్లయ్య. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే సంఘానికి ఒకప్పుడు పెద్ద. మీసం తెల్లబడింది, గొంతు మాత్రం కట్ట మీద నుంచి తెప్పను పిలిచే గొంతే.

"చేపల సారు పోయిండన్నా," అన్నాడు. "ఆర్నెల్లాయె. పోయే ముందట నీకొకటి ఇయ్యమన్నడు. నువ్వు యాడున్నవో తెల్వక గల్లపెట్టెల వెట్టుకోని కూసున్న."

గల్లపెట్టెలోంచి ఒక పాలిథిన్ కవరు తీసి ఇచ్చాడు. లోపల అట్ట చిరిగిన చేతి పుస్తకం ఒకటి ఉంది. అందులో ఏముందో చివర చెప్తాను. ముందు మనిషిని చెప్పాలి. లేకపోతే ఆ పుస్తకం ఎవరికీ అర్థం కాదు.

ఆయన పేరు రాయను. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఆయనను పేరు పెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు. అందరికీ చేపల సారే. చెరువుల్లో చేపల సంగతి చూసే ఆఫీసులో కింది ఉద్యోగి. తొంభైలలో మా దగ్గరి చెరువులు, కుంటలు తిరిగి, ఏ నెలలో ఏ రకం చేప ఎంత కనబడిందో రాసి పంపడం ఆయన పని. ఆ కాగితాలు టైపు చేయించడానికి నెలకోసారి నా దుకాణానికి వచ్చేవాడు.

తెల్ల చొక్కా, టక్కు, నల్ల బెల్టు, బెల్టు మీద జీపు టైరు ట్యూబు. ఈత రాదు. నీళ్ళంటే భయం. అందుకని ట్యూబు. దాంట్లో వింతేమీ లేదు. వింత ఏమిటంటే, ఆ ట్యూబును ఆయన మేడ్చల్లోనే నడుముకు ఎక్కించుకుని, లూనా బండి మీద కూర్చుని, రోడ్డు పొడుగునా అట్లాగే వచ్చేవాడు. బస్సులో వాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. ఒకసారి అడిగాను.

"సారూ, చెరువు కాడికి పోయినంక ఏసుకోవచ్చు గద?"

"గాలి తీసి మళ్ళ కొట్టుకోవాలంటె పరేషాన్ తమ్ముడూ. ఇంకోటి, నీళ్ళు యాడ ఎదురొస్తయో ఎవనికెరుక?"

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఆ సంవత్సరం నీళ్ళు ఉన్న చోట్లు నాకు తెలిసి రెండే. రెండూ రోడ్డుకు దూరం. అయినా నేనేమీ అనలేదు. జాగ్రత్తపరుడంటే నాకు గౌరవం.

చేపలు లెక్కబెట్టేటప్పుడు పది అయితే ఒక గులకరాయి తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. వంద చేపలకు పది రాళ్ళు. మంచి పద్ధతే. కానీ సాయంత్రం ఆ రాళ్ళను పారేసేవాడు కాదు. "రేపు ఎవరన్న అడిగితె సాక్ష్యం ఉండాలె" అనేవాడు. జేబు బరువుకు ఎడమ భుజం నాలుగు వేళ్ళు కిందికి దిగి ఉండేది. దూరం నుంచి చూస్తే మనిషే ఒక పక్కకు ఒరిగిన తక్కెడలాగా కనబడేవాడు.

చేప తినడు. మాంసం తింటాడు, గుడ్డు తింటాడు, చేప ముట్టడు. చెరువు మీద ఎవరింట్లో పెళ్ళయినా పులుసు గిన్నె రాగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. మల్లయ్య తల్లి, అందరికీ అవ్వ, ప్రతిసారీ కోపం తెచ్చుకునేది.

"నీకేం రోగం కొడుకా? చేపల సారువయ్యి చేప తినకపోతె ఎట్ల?"

"లెక్క రాసెటోడు తింటె లెక్క తప్పుతదవ్వా," అనేవాడు. నవ్వుతూ కాదు, చాలా మామూలుగా.

ఇంకో మాట కూడా ఆయన నోట్లో ఎప్పుడూ ఉండేది. "ఏమనుకోకు, గవర్నమెంటు పని." ఒక కాగితం మూడోసారి కొట్టమని అడగాలన్నా, లూనాకు అడ్డం పడుకున్న కుక్కను లేపాలన్నా, వలలోంచి చేపను తీసి కొలబద్ద మీద పెట్టాలన్నా ముందు ఆ మాట అనేవాడు. కుక్కకూ చేపకూ నాకూ గొంతులో తేడా ఉండేది కాదు.

తొంభైలు సగం దాటాక ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి చెరువులో ఎన్ని చేపలున్నాయో లెక్క తేల్చి పంపాలి. లక్షకు తక్కువ ఉంటే ఆ చెరువులో మూడేళ్ళు వేట బందు. పెద్ద చెరువు, చిన్న కుంట అనే తేడా లేదు. అన్నిటికీ లక్షే. శామీర్‌పేట చెరువు మీద ముప్పై ఎనిమిది ఇళ్ళు బతుకుతున్నాయి. మూడేళ్ళు వల ఎండబెడితే ఆ ఇళ్ళు ఏం తినాలో ఉత్తర్వులో రాయలేదు. చెరువులో చేపలను ఎట్లా లెక్కబెట్టాలో మాత్రం ఇంకో కాగితం మీద ఇంగ్లీషులో రాసి పంపారు.

ఆ కాగితం పట్టుకుని సారు నా దగ్గరికి వచ్చాడు. ట్యూబుతో కుర్చీలో పట్టడు కాబట్టి నిలబడే మాట్లాడాడు.

"తమ్ముడూ, గిది చదువు. నాకైతె చేపల రెక్కలు కోసి ఇడిచిపెట్టమన్నట్టు కనబడ్తాంది. గట్ల ఎవడన్న రాస్తడా?"

నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం ఆగలేదు. కోఠీలో పాత పుస్తకాలు కొనుక్కొని, ఒక్కణ్ణే కూర్చుని నేర్చుకున్నాను. ఆ కాగితం రెండుసార్లు చదివాక సంగతి అర్థమైంది. కొన్ని చేపలను పట్టి, ప్రతిదానికీ పొట్ట కింది రెక్క కొంచెం కోసి గుర్తు పెట్టి, మళ్ళీ నీళ్ళలో వదలాలి. అవి కలిసిపోయాక ఇంకోసారి వల వేయాలి. పడినవాటిలో గుర్తున్నవి ఎన్నో చూడాలి. పదింటిలో ఒకదానికి గుర్తుంటే, మనం వదిలినవి మొత్తం చేపల్లో పదో వంతు అన్నమాట.

ఆయనకు అర్థం కాలేదు. డబ్బాలో ఉన్న పుట్నాలు తీశాను. యాభై పుట్నాలకు స్టాంపు ప్యాడు సిరా అద్ది, మళ్ళీ డబ్బాలో వేసి కలిపాను. కళ్ళు మూసుకుని అరవై తీశాను. అందులో సిరావి ఐదు.

"యాభైని అరవైతో హెచ్చవెట్టి ఐదుతో భాగించాలె. ఆరు వందలు. డబ్బల సుమారు ఆరు వందల పుట్నాలున్నయి సారూ. ఇగ లెక్కవెట్టి చూద్దాం."

లెక్కబెడితే ఐదు వందల నలభై ఒకటి వచ్చింది. అంచనా కాబట్టి కొంచెం తేడా ఉంటుందని నాకు తెలుసు. కానీ ఆయన దవడ ఆడుతూ ఉంది.

"సారూ, మీరు తింటున్నరా?"

"కొంచెం."

"ఎన్ని తిన్నరు?"

"తినేటప్పుడు ఎవడు లెక్కవెడ్తడు తమ్ముడూ?"

"సిరావి గూడ తిన్నరా?"

ఆయన ముఖం చిన్నబోయింది. "ఛ. అవి గవర్నమెంటువి."

ఆ మాటను నేను అప్పుడే పట్టించుకొని ఉండాల్సింది.

రెండు రోజులు చెరువు మీద ఉండి రెండు వందల చేపలకు ఎడమ వైపు పొట్ట రెక్క కోశాడు. ప్రతి చేపనూ తడి గోనె మీద పడుకోబెట్టి, "ఏమనుకోకు, గవర్నమెంటు పని" అని చెప్పి, కత్తెరతో ఏటవాలుగా ఒక్క కోత. ఏటవాలుగా ఎందుకని అడిగితే, "నిలువుగ ఉంటె ఇంకో చేప కొరికిందనుకుంటరు. ఏటవాలు కోత మనిషిది" అన్నాడు. మొత్తం రెండు వందలు. జేబులో ఇరవై రాళ్ళు.

పదిహేను రోజుల తర్వాత మల్లయ్య వాళ్ళు వల లాగారు. ఐదు వందల చేపలు ఒడ్డుకు వచ్చాయి. సారు ఒక్కోదాన్ని తిరగేసి చూశాడు. కోసిన రెక్క ఒక్కటీ లేదు. అట్లాగే నా దుకాణానికి వచ్చి కాగితం ముందు పెట్టాడు.

"రెండు వందలను ఐదు వందలతో హెచ్చవెట్టి సున్నతో భాగించు."

"సున్నతో భాగించొద్దు సారూ."

"ఎందుకొద్దు?"

"జవాబు రాదు."

"ఆఫీసోళ్ళు అడుగుతె ఏం జెప్పాలె? సున్న ఒప్పుకుంటలేదని చెప్పాల్నా?"

"చెరువుల అంతులేనన్ని చేపలున్నయని కొందరు అనుకోవచ్చు. కాని అది లెక్క గాదు."

ఆయన కాసేపు ఆలోచించాడు. అంతులేనన్ని అంటే లక్ష కంటే ఎక్కువే కదా అని ఆశ పుట్టినట్టుంది. కానీ ఆ కాగితంలో మొత్తం అంకెల్లో రాయమని గడి ఉంది. అంతులేనన్ని అనేదానికి అంకె లేదు. ఇద్దరం చెరువు మీదికి పోయి మల్లయ్యను అడిగాం.

"కోసిన రెక్కవి పడ్డయి సారూ," అన్నాడు మల్లయ్య, గర్వంగా. "వల లాగంగనె ఏరి నీళ్ళల్లకు ఇడిచినం. ఒక్కటి గూడ ఆగం కాలే."

"ఎందుకిడిచిండ్రు?"

"మీవి గదా సారూ. మీ చేపలను మేం పడితె మంచిగుంటదా?"

వెనక వల అల్లుతున్న అవ్వ తల ఎత్తింది. "సర్కారు చేపను ఇంట్ల వండుకుంటె సర్కారు ఇంటికొస్తది కొడుకా. నేనే చెప్పిన, ఇడువుమని."

సారు తల పట్టుకున్నాడు. తర్వాత కట్ట మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "కోసిన రెక్కవి నాకు కనబడాలె. కనబడకపోతె లెక్క గాదు. లెక్క గాకపోతె చెరువు మూడేండ్లు బందు. సమజైందా?"

అందరూ సమజైందన్నారు. అక్కడే తప్పు జరిగింది. ఆయన చెప్పింది ఒకటి, వాళ్ళు పట్టుకున్నది ఇంకొకటి. కోసిన రెక్కలు కనబడకపోతే చెరువు బందు అయితే, ఎన్ని ఎక్కువ కనబడితే అంత మంచిదని వాళ్ళకు తోచింది. నిజానికి లెక్క తిరగబడి ఉంటుంది. గుర్తున్నవి ఎన్ని ఎక్కువ పడితే చెరువులో చేపలు అన్ని తక్కువ ఉన్నట్టు. ఆ సంగతి నేను కూడా చెప్పలేదు. అంత తెలివైన తప్పు చేస్తారని నాకు తట్టలేదు.

ఇంకో పదిహేను రోజులకు రెండో వల. మర్నాడు పొద్దున కాగితం ఆఫీసుకు చేరాలి. ఇది తప్పితే ఇంకో వల లేదు. సారు పొద్దున్నే వచ్చి నా దుకాణం మూయించాడు.

"లెక్క నువ్వు వెట్టాలె తమ్ముడూ. నా రాళ్ళను నేను నమ్మ."

చెరువు దగ్గరికి పోయేసరికి దేవరయాంజాల్ దర్జీ భాయ్ కట్ట మీద తిరుగుతూ మొత్తుకుంటున్నాడు. "నా అయిదు కైంచీలు ఏడికి పోయినయ్ మల్లయ్యా? ఒక్క దినం అన్నవు. ఆ కైంచీతోని జాకెట్టు కత్తిరిస్తె చేప వాసన! ఆడోళ్ళు నన్ను కొడ్తరు."

అప్పటికీ మాకు అర్థం కాలేదు. తెప్పలు ఒడ్డుకు వచ్చాయి. చేపలను బుట్టకు ఇరవై చొప్పున వేయించి లెక్కబెట్టాను. ఇరవై ఐదు బుట్టలు. ఐదు వందలు. సారు మొదటి బుట్టలో చెయ్యి పెట్టాడు. కోసిన రెక్క. రెండోది, కోసిన రెక్క. మూడోది, కోసిన రెక్క. మూడు బుట్టలు చూసి నా వైపు తిరిగాడు.

"అన్నిటికీ ఉంది సారూ," అన్నాడు మల్లయ్య. "ఒక్కటి ఇడువలే. తెప్ప మీదనె కోసినం."

"నేనే ముప్పై కోసిన," అంది అవ్వ. "చెయ్యి గుంజుతాంది."

నేను అలవాటు కొద్దీ లెక్క వేశాను. రెండు వందలు ఇంటూ ఐదు వందలు, బై ఐదు వందలు. చెరువు మొత్తంలో ఉన్న చేపలు రెండు వందలు. ఆ మాటే సారుకు చెప్పాను.

"చెరువంత కలిపి రెండు వందలు," అన్నాడాయన మెల్లగా. "గీ బుట్టల్ల ఐదు వందలు. మిగిలిన మూడు వందలు ఏడికెల్లి వచ్చినయి తమ్ముడూ?"

"లెక్క ప్రకారమైతె అవి లేవు సారూ."

లేని చేపలు బుట్టల్లో తోకలు కొట్టుకుంటున్నాయి. మల్లయ్యకు జరిగింది అర్థమయ్యేలా చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. అర్థమయ్యాక అతను కట్ట మీద కూలబడ్డాడు. సంఘంలో ముప్పై ఎనిమిది ఇళ్ళ వాళ్ళూ అక్కడే ఉన్నారు. దర్జీ భాయ్ కత్తెరలు అడగడం మానేశాడు.

సారే లేచాడు. "ఇయ్యాల కోసింది ఇయ్యాల్టి లెక్కనె కనబడ్తది. పచ్చిగుంటది. నాది మానింది, ఏటవాలుది. నా కోత నాకు తెల్వదా? అన్ని చూస్త."

అట్లా కూర్చున్నాడు. ట్యూబు విప్పలేదు, ఒడ్డున ఎండలో కూర్చుని కూడా. ఒక్కో చేపనూ తిరగేసి, రెక్క చూసి, అటు బుట్టలో వేస్తున్నాడు. నేను పక్కన కాగితం పట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదో బుట్టలో ఒక రవ్వను పైకెత్తాడు. "రాస్కో. ఒకటి." ఏటవాలు కోత, అంచు మానిపోయి ఉంది. నేను కూడా చూశాను.

మళ్ళీ వెతుకులాట. ఇరవై ఒకటో బుట్ట దగ్గర ఆయన చెయ్యి ఆగింది. తర్వాత దగ్గి, "తమ్ముడూ, దూపయితాంది. జర నీళ్ళు తేరాదు?" అన్నాడు. అవ్వ గుడిసె దాకా పోయి చెంబు తెచ్చి ఇచ్చాను. తాగి, మళ్ళీ మొదలుపెట్టాడు. కానీ అక్కడి నుంచి మనిషి తీరు మారింది. ఉన్నట్టుండి నడుము మెలితిప్పుతాడు. ఎగిరి కూర్చుంటాడు. ఒకసారి పెద్దగా కిచకిచమన్నాడు.

"ఏమైంది సారూ?"

"చక్కిలిగిలి. ట్యూబు ఒరుసుకుంటాంది."

ఇరవై ఐదు బుట్టలు అయిపోయాయి. ఆయన కోత ఉన్నది ఒకటే. రెండు వందలు ఇంటూ ఐదు వందలు, బై ఒకటి. లక్ష. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. లక్షకు తక్కువ ఉంటేనే బందు. లక్ష అంటే తక్కువ కాదు. మల్లయ్య నన్ను ఎత్తుకుని తిప్పాడు. అవ్వ సారు గడ్డం పట్టుకుంది.

నా అలవాటు నన్ను వదలలేదు. ఏ లెక్కనైనా చివర ఇంకోసారి చూసుకుంటాను. బుట్టలు మళ్ళీ లెక్కబెట్టాను. ఇరవై నాలుగింటిలో ఇరవై చొప్పున ఉన్నాయి. ఇరవై ఒకటో బుట్టలో పంతొమ్మిది. నాలుగు వందల తొంభై తొమ్మిది.

సారును పక్కకు పిలిచి చెప్పాను. "ఒకటి తక్కువుంది. ఐదు వందలు గాకపోతె లక్ష గాదు సారూ. తొంభై తొమ్మిది వేల ఎనిమిది వందలు."

"అంటె?"

"అంటె బందు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మొదలు ఎంత వచ్చింది?"

"ఐదు వందలు."

"నువ్వు ఎన్నడన్న తప్పు లెక్కవెట్టినవా?"

"లేదు."

"ఇంకేంది మరి?"

"రెండోసారి వెట్టింది గూడ నేనే గద సారూ."

మా మాటలు విన్న అవ్వ, "కొంగెత్తుకపోయిందేమో కొడుకా, గాలికి పోనీ" అంది. కొంగ ఏదీ రాలేదు. వస్తే నేను చూసేవాణ్ణి. మూడోసారి లెక్కబెడదామంటే అప్పటికే బుట్టలు బండికెక్కుతున్నాయి. సారు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమనుకోకు తమ్ముడూ, గవర్నమెంటు పని. ఐదు వందలు కొట్టు."

కొట్టాను. ముప్పై ఎనిమిది ఇళ్ళ వాళ్ళు కట్ట మీద నిలబడి ఉంటే ఇంకేం కొడతాను? కానీ ఆ రోజు నుంచి నా మీద నాకు నమ్మకం పోయింది. బుట్టకు ఇరవై వేయమన్నాను కాబట్టి ఐదు వందలు అనుకున్నానా? లేక రెండోసారే కళ్ళు మోసం చేశాయా? ఏ ఒక్కటి తప్పైనా నేను తప్పు లెక్కబెట్టినవాణ్ణే. అప్పటి నుంచి మెట్లు ఎక్కేటప్పుడు లెక్కబెట్టి, దిగేటప్పుడు సరిచూసుకుంటాను. ఇంట్లో చపాతీలు కూడా రెండుసార్లు లెక్కబెడతానని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతుంది.

ఆఫీసుకు ఆ కాగితం మహా నచ్చింది. మిగతా చెరువుల లెక్కలన్నీ వంకరటింకర అంకెలతో వస్తే, ఇది ఐదు సున్నాలతో శుభ్రంగా ఉందట. మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. సారు దాన్ని నా దగ్గరికి తెచ్చి, "ఎక్కడన్న పెట్టు, నాకొద్దు" అన్నాడు. ఎందుకో అడిగితే చెప్పలేదు. చెరువు బందు కాలేదు. తర్వాతి వానాకాలం వాగు పొంగి చెరువు నిండింది కూడా.

ఆ మెప్పు వల్ల ఆయనకు ఇంకో పని తగిలింది. బౌరంపేట్ దగ్గర ఒక కుంటలో చేపలు లెక్కబెట్టమన్నారు. ట్యూబుతో పోయాడు. కుంటలో నీళ్ళు లేవు, గేదెలు పడుకుని ఉన్నాయి. సున్నా అని రాసి పంపాడు. పద్ధతి ప్రకారం లేదని తిరిగి వచ్చింది. "ఎన్ని చేపలకు రెక్కలు కోసితిరి?" అని అడిగారు. సున్నా. "రెండవసారి ఎన్ని పట్టితిరి?" సున్నా. "అందు గుర్తు గలవి ఎన్ని?" సున్నా. సున్నాను సున్నాతో హెచ్చవేసి సున్నాతో భాగించి మొత్తం రాయమన్నారు. ఆ ఒక్క కాగితాన్ని నేను ఏడుసార్లు టైపు చేశాను. ఆఖరికి ఆఫీసువాళ్ళే విసిగి వదిలేశారు.

చివరిసారి ఆయన నా దుకాణానికి వచ్చింది రిటైర్ అయ్యాక. రెండు వేల సంవత్సరం దాటింది. మిషిన్ పోయి కంప్యూటర్ వచ్చింది. ట్యూబు లేకుండా ఆయనను చూడడం అదే మొదటిసారి. నడుము సన్నగా, దిక్కులేనట్టు ఉంది. కుర్చీలో కూర్చున్నాడు. ఏదో చెప్పాలనుకున్నట్టు రెండుసార్లు నోరు తెరిచాడు. నేను పుట్నాల డబ్బా ముందుకు జరిపాను. ఒక్కొక్కటే తీసుకుని తిన్నాడు.

"పదకొండు," అన్నాడు లేస్తూ. "తినేటప్పుడు గూడ లెక్కవెట్టాలె తమ్ముడూ."

వెళ్ళిపోయాడు. ముసలితనం అనుకున్నాను.

ఇగ పుస్తకం సంగతి. సుచిత్రలో ఆ చేపల బల్ల పక్కన నిలబడే తెరిచాను. చెరువుల పేర్లు, రకాలు, అంకెలు. సగం దాకా తిప్పాక ఒక పుట మిగతావాటికంటే లావుగా తగిలింది. బంకతో ఏదో అంటించి ఉంది. ఎండి, పసుపురంగుకు తిరిగి, వేలిగోరంత ఉంది. ఒక చేప రెక్క. అంచు ఏటవాలుగా కోసి, మానిపోయిన రెక్క.

దాని కింద ఆయన చేతిరాత. "శామీర్‌పేట రెండో వల. నా కోతలు రెండు. రవ్వ ఒకటి, కొర్రమీను ఒకటి. ఒకటి రాయించిన. ఒకటి తిన్న. టైపు తమ్ముని లెక్క రెండుసార్లు కరెక్టే."

మల్లయ్యకు చదివి వినిపించాను. అతను కత్తి మీద నీళ్ళు చల్లుకున్నాడు.

"ఆ దినం నువ్వు టైపు కొట్టనీకి పోయినంక సారు అవ్వ దగ్గరికొచ్చిండన్నా. ట్యూబు కింద అంగిల చెయ్యి వెట్టి కొర్రమీనును తీసిండు. ఇంక పానంతోనె ఉంది. అది జల్దీ సావది గద. పులుసు వెట్టమన్నడు. అవ్వ పరేషానయ్యింది, ఎన్నడు తిననోడు. ఏడ్సుకుంట తిన్నడన్నా. ముల్లు గుచ్చుకుందా బిడ్డా అని అవ్వ అడిగె. అవునన్నడు."

కత్తి మళ్ళీ అందుకుని అన్నాడు. "కొర్రమీనుకు ముండ్లు ఏడుంటయన్నా? ఏదో ఒకటే ఉంటది నడుమ."

అక్కడే నిలబడి మనసులో లెక్క వేశాను. రెండు వందలు ఇంటూ ఐదు వందలు, బై రెండు. యాభై వేలు. లక్షలో సగం. వేట బందు అయ్యేదే. చక్కిలిగిలి ట్యూబు వల్ల కాదు. నన్ను నీళ్ళకు పంపింది దూప వల్ల కాదు. నేను టైపు చేసిన కాగితం తప్పు, కానీ ఐదు వందలు తప్పు కాదు. నాలుగు వందల తొంభై తొమ్మిది కూడా తప్పు కాదు.

మల్లయ్య రవ్వను ముక్కలు కొట్టి కవరులో వేసి ఇచ్చాడు. ఇంటికి వచ్చి పళ్ళెంలో పోసి లెక్కబెట్టాను. ఇరవై రెండు ముక్కలు. వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది, రెండోసారి లెక్కబెట్టడం అయ్యిందా అని.

లేదన్నాను. ఒక్కసారి చాలన్నాను.